జ్వరంలో దాగే విషవాయువు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో రెండు సంగతులు మొదలవుతాయి. ఒకటి, ఇంటింటా దగ్గులు, తుమ్ములు, ఒళ్లు నొప్పులు. రెండు, కిటికీలూ తలుపులూ మూసుకోవడం. ఈశాన్య ఋతుపవనాల ముసురు పట్టిందంటే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు మిట్ట ప్రాంతాల్లో చలి మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరికి పడిశం పట్టిందో లేదో, "గాలి తగలనివ్వకండి" అంటారు పెద్దలు. కిటికీ మూస్తారు. వాకిలి సందులో గోనెసంచి కుక్కుతారు. మంచం పక్కన బొగ్గుల కుంపటి పెడతారు. ఇదంతా ప్రేమతో చేసేదే. కాని ఆ మూసిన గదిలోకి రెండో శత్రువు చప్పుడు లేకుండా రావచ్చు. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్.

దీనితో వచ్చిన పెద్ద చిక్కు ఏమిటంటే, ఇది కలిగించే బాధలు చాలావరకు వైరస్ జ్వరపు బాధల్లాగే ఉంటాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, మగత. అందుచేత ఇంట్లో నిజంగానే వైరస్ జ్వరం ఉన్నప్పుడు ఈ వాయువు కూడా వచ్చి చేరితే, నేరమంతా వైరస్ మీదికి పోతుంది. రెండో దొంగ హాయిగా గదిలోనే ఉండిపోతాడు. ఈ ఇద్దరినీ విడివిడిగా గుర్తుపట్టడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ వాయువు ఎలా పుడుతుంది?

బొగ్గు, కట్టె, కిరోసిన్, పెట్రోలు, వంటగ్యాసు - వీటన్నిటిలోనూ కార్బన్ ఉంది. గాలి బాగా అందితే కార్బన్ పూర్తిగా మండుతుంది.

కార్బన్ + ఆక్సిజన్ → కార్బన్ డయాక్సైడ్

దీన్నే పూర్వం బొగ్గుపులుసు వాయువు అనేవారు. గాలి చాలకపోతే దహనం సగంలో ఆగిపోతుంది.

2 కార్బన్ + ఆక్సిజన్ → 2 కార్బన్ మోనాక్సైడ్

కుంపటిలో మరో వింత కూడా జరుగుతుంది. అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఎర్రగా కాలుతున్న బొగ్గుల మధ్య నుంచి పైకి వస్తూ, వాటి నుంచి ఇంకో కార్బన్ పరమాణువును లాక్కుని మోనాక్సైడ్‌గా మారిపోతుంది. కుంపటి మీద అప్పుడప్పుడు నీలిరంగు మంటలు ఆడడం మీరు చూసే ఉంటారు. అవి ఈ మోనాక్సైడ్ మండుతున్న మంటలే. మండకుండా మిగిలినది గదిలోకి వస్తుంది.

ఇక్కడ ఒక అపోహను పోగొట్టుకోవాలి. "పొగ పోయేదాకా బయట ఉంచి, బొగ్గులు ఎర్రగా అయ్యాక లోపలికి తెస్తే భయం లేదు" అనుకుంటారు చాలామంది. పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. అంటే అది మనల్ని హెచ్చరిస్తుంది. మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగలేని ఎర్రని నిప్పులు హెచ్చరిక లేని నిప్పులన్నమాట. వంటగ్యాసు లీకైతే వాసన వస్తుంది గదా అంటారా? అది కంపెనీవారు కావాలని కలిపిన వాసన. గ్యాసు మండిన తరువాత ఆ వాసన మిగలదు. కాబట్టి స్నానాల గదిలో పెట్టిన గ్యాసు గీజరు నుంచి ఈ విషం వచ్చినా ముక్కుకు తెలియదు.

బస్సులో సీట్ల కథ

మన రక్తంలోని ఎర్రకణాల్లో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉంది. ఒక్కొక్క ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. ఒక్కొక్క అణువులో నాలుగు ఇనుప పరమాణువులు. ఒక్కొక్క ఇనుము మీద ఒక ఆక్సిజన్ అణువు కూర్చోవచ్చు. అంటే హీమోగ్లోబిన్ నాలుగు సీట్ల బస్సు.

తిరుపతి బస్టాండులో యాత్రికులు ఎక్కి, తిరుమలలో దిగుతారు. బస్సు ఖాళీగా కిందికి వచ్చి మళ్లీ యాత్రికులను ఎక్కించుకుంటుంది. ఊపిరితిత్తులు తిరుపతి అనుకోండి, మెదడు, గుండె, కండరాలు తిరుమల అనుకోండి. ఆక్సిజన్ ఇక్కడ ఎక్కి అక్కడ దిగుతుంది. ఇలా క్షణం ఆగకుండా బస్సులు తిరుగుతుంటేనే మనం బతుకుతాం.

కార్బన్ మోనాక్సైడ్ కూడా అదే సీటులో కూర్చుంటుంది. అయితే అది మొండి ప్రయాణికుడు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా సీటును పట్టుకుంటుంది. కొండ మీద దిగదు. మళ్లీ అదే బస్సులో కిందికి వస్తుంది. అంతేకాదు, నాలుగు సీట్లలో ఒకదాన్ని అది పట్టుకుంటే, మిగిలిన మూడింట్లో ఉన్న ఆక్సిజన్ కూడా తొందరగా దిగలేకపోతుంది. రక్తహీనతతో హీమోగ్లోబిన్ సగానికి పడిపోయిన మనిషి నీరసంగానైనా లేచి తిరుగుతాడు. సగం హీమోగ్లోబిన్‌ను మోనాక్సైడ్ పట్టుకున్న మనిషి మాత్రం కుప్పకూలిపోతాడు. కారణం ఇదే.

ఈ వాయువు రక్తకణాలకు అంటుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో ప్రచురించిన తన పాఠాల్లో వివరించాడు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1895 ప్రాంతంలో దీన్ని తానే పీల్చి, తన రక్తాన్నే పరీక్షించి లెక్కలు కట్టాడు. బొగ్గుగనుల్లోకి చిన్న ప్రాణులను తీసుకుపోతే అవి మనుషులకన్నా ముందే సోలిపోయి హెచ్చరిస్తాయని చెప్పింది ఆయనే. అలా బ్రిటన్ గనుల్లో కెనరీ పిట్టలు 1986 దాకా కాపలా కాశాయి.

ఒక చిన్న లెక్క

మోనాక్సైడ్ పట్టు ఆక్సిజన్ పట్టుకు 210 రెట్లు అనుకుందాం. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మోనాక్సైడ్ ఎంత ఉంటే రెండూ సమానంగా సీట్లు పంచుకుంటాయి?

21 ÷ 210 = 0.1 శాతం

గాలిలో వెయ్యో వంతు చాలు! అలాంటి గాలిని తగినంతసేపు పీలిస్తే రక్తంలో సగం సీట్లు పోతాయి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 27,000 లీటర్ల గాలి పడుతుంది. అందులో వెయ్యో వంతు 27 లీటర్లు. అంటే రెండు బిందెలంత. గదినిండా ఉన్న గాలిలో రెండు బిందెల విషం కలిస్తే ఏ కన్ను చూడగలదు?

వైరస్ ఏం చేస్తుంది?

ఇప్పుడు మొదటి శత్రువు సంగతి చూద్దాం. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ - ఇవన్నీ వైరస్‌ల వల్ల శ్వాసమార్గానికి వచ్చే వ్యాధులు. చాలామందికి ఇవి గొంతు, ముక్కు దగ్గరే ఆగిపోతాయి. కొందరిలో మాత్రం ఊపిరితిత్తుల్లోని గాలి గదులు వాచి, నీరు చేరి న్యుమోనియాగా మారుతుంది. మన ఉపమానంలో చెప్పాలంటే, బస్టాండు గేటు దగ్గరే యాత్రికులు ఆగిపోయారు. బస్సులున్నాయి, సీట్లున్నాయి, ఎక్కేవారు లేరు.

అప్పుడు గాలిలో ఆక్సిజన్ పాలు పెంచి అందించాలి. ఆ అందించడంలో కొద్ది నిమిషాల తేడా ఎంత పని చేస్తుందో మన తిరుపతి చూసింది. 2021 మే 10వ తేదీ రాత్రి రుయా ఆసుపత్రికి తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, గొట్టాల్లో పీడనం పడిపోయింది. 11 మంది కోవిడ్ రోగులు మరణించారని అధికారులు ప్రకటించారు. శరీరం తిండిని రోజులకు సరిపడా దాచుకుంటుంది. ఆక్సిజన్‌ను మాత్రం నిమిషాలకు మించి దాచుకోలేదు.

రెండూ కలిస్తే?

వైరస్ వల్ల ఎక్కే యాత్రికులు తగ్గారు. మోనాక్సైడ్ వల్ల సీట్లు తగ్గాయి. ఇక మూడోది జ్వరం. ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శరీరానికి కావలసిన ఆక్సిజన్ సుమారు పది శాతం పెరుగుతుంది. అంటే కొండ మీద గిరాకీ పెరిగింది, సరఫరా రెండు చోట్ల తెగింది. అందుకే ఒక్కొక్కటిగా వస్తే తట్టుకోగల మనిషి రెండూ కలిసి వస్తే తట్టుకోలేకపోవచ్చు. ముసలివారికి, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ. బాలింత గదిలో తల్లికీ బిడ్డకూ వెచ్చదనం కోసం కుంపటి పెట్టి తలుపు మూసే అలవాటు ఇందుకే మానుకోవాలి.

జబ్బు మరో విధంగా కూడా ఈ వాయువుకు తోడ్పడుతుంది. జబ్బు చేసినవారే ఎక్కువసేపు గదిలో పడుకుంటారు. వారికోసమే తలుపులు మూస్తారు. ముక్కు దిబ్బడ వల్ల పొగ వాసన కూడా వారికి తెలియదు. తలనొప్పి వస్తే "జ్వరం గదా" అని మాత్ర వేసుకుని మళ్లీ అదే గదిలో పడుకుంటారు.

ఆక్సీమీటరు ఎందుకు మోసపోతుంది?

కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించే ఆక్సీమీటరు చాలా ఇళ్లకు వచ్చింది. దీని వెనుక ఉన్న సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి వెల్లడించాడు. ఇందులో రెండు కాంతులుంటాయి. ఒకటి ఎర్రనిది, రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి. ఆక్సిజన్ ఎక్కిన రక్తం, ఎక్కని రక్తం ఈ రెండు కాంతులను వేరువేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడాను బట్టి పరికరం 98 అనో, 92 అనో అంకె చూపిస్తుంది.

అయితే మోనాక్సైడ్ ఎక్కిన హీమోగ్లోబిన్ కూడా ఎర్రని కాంతి విషయంలో ఆక్సిజన్ ఎక్కిన దానిలాగే ప్రవర్తిస్తుంది. పాపం, మామూలు ఆక్సీమీటరు "సీటు నిండింది" అని మాత్రమే లెక్క పెడుతుంది, కూర్చున్నది ఎవరో దానికి తెలియదు! మనిషి సోలిపోతున్నా 98 చూపించవచ్చు. వైరస్ న్యుమోనియాను పట్టిచ్చే పరికరమే ఈ విషాన్ని దాచిపెడుతుంది. ఆసుపత్రిలో రక్తం తీసి, కో-ఆక్సీమీటరు అనే వేరే పరికరంతో పరీక్షిస్తేనే నిజం బయటపడుతుంది. ఆ పరీక్ష చేయాలని డాక్టరుకు తోచాలంటే, గదిలో నిప్పు ఉండిందని మనం చెప్పాలి.

గుర్తుపట్టే నాలుగు ప్రశ్నలు

1. గదిలో గాని, పక్క గదిలో గాని ఏదైనా మండుతూ ఉండిందా? కుంపటి, కట్టెల పొయ్యి, గ్యాసు గీజరు, జనరేటరు, స్టార్టు చేసి వదిలిన కారు - ఏదైనా కావచ్చు.

2. అందరికీ ఒకేసారి మొదలైందా? వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకడానికి రోజులు పడుతుంది. ఇన్‌ఫ్లుయెంజాకు మామూలుగా 1 నుంచి 4 రోజులు. వాయువు ఒకే రాత్రిలో అందరినీ పట్టుకుంటుంది. పిల్లిని, కుక్కను కూడా వదలదు.

3. బయటికి వస్తే తగ్గి, లోపలికి పోతే తిరగబెడుతున్నదా? వైరస్ మనతోపాటే బయటికీ వస్తుంది. వాయువు రాదు.

4. జ్వరం, గొంతునొప్పి, ముక్కు కారడం ఉన్నాయా? ఇవి వైరస్ లక్షణాలు. మోనాక్సైడ్ వల్ల జ్వరం రాదు, ముక్కు కారదు.

నాలుగో ప్రశ్న దగ్గర జాగ్రత్త! జ్వరం లేకుండా తలనొప్పి వస్తే వాయువును అనుమానించాలి. నిజమే. కాని జ్వరం ఉంది కాబట్టి వాయువు లేదని అనకూడదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఈ వాక్యం కింద గీత గీసుకోండి.

ఒక ఇంటి సమస్య

ఇప్పుడొక ఊహాత్మక సమస్య ఇస్తాను. ముసురు రోజుల్లో ఒక ఇంట్లో అవ్వకు రెండు రోజులుగా దగ్గు, గొంతునొప్పి, 101 డిగ్రీల జ్వరం. రాత్రి ఆమె గదిలో కుంపటి పెట్టి తలుపు వేశారు. అమ్మ, చెల్లెలు అవ్వకు తోడుగా అక్కడే పడుకున్నారు. నాన్న వరండాలో పడుకున్నాడు. తెల్లవారేసరికి అమ్మకు తలనొప్పి, వాంతి. చెల్లెలికి కళ్లు తిరుగుతున్నాయి. ఇద్దరికీ ఒళ్లు చల్లగానే ఉంది. మంచం కింది పిల్లి తూలుతూ నడుస్తోంది. అవ్వ మగతగా పడివుంది. నాన్నకు ఏమీ లేదు. పాలు పితకడానికి కొట్టానికి వెళ్లిన అమ్మకు కాసేపటికి తల తేలికపడింది. తిరిగి గదిలోకి వచ్చాక మళ్లీ నొప్పి. "అవ్వ జ్వరం అందరికీ అంటుకుంది" అన్నారు పక్కింటివారు.

వారి మాట సరైనదేనా? అమ్మకూ చెల్లెలికీ జ్వరం లేదు. ఇద్దరికీ ఒకే తెల్లవారుజామున మొదలైంది. అవ్వకు వచ్చిన వైరస్ జ్వరం పిల్లికి అదే రాత్రి అంటి తూలేలా చేయదు గదా! వరండాలోని నాన్న బాగున్నాడు. బయట గాలికి అమ్మ తేరుకుంది. కాబట్టి వీరిని పట్టింది వాయువు.

మరి అవ్వ సంగతి? చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. "అవ్వకు జ్వరం ఉంది, ఆమెది వైరస్" అని వదిలేస్తారు. జ్వరం, గొంతునొప్పి వైరస్‌వే. కాని ఆమె మగత? అదే గదిలో, అందరికన్నా ఎక్కువసేపు, అదే గాలి పీల్చింది ఆమే గదా. ముందుగా బయటికి తీసుకురావలసింది ఆమెనే.

దామన్‌లో జరిగినది

ఇది ఊహల్లో మాత్రమే జరిగే విషయం కాదు. 2020 జనవరి 21న నేపాల్‌లోని దామన్ అనే చల్లని కొండ ఊళ్లో, ఒక రిసార్టు గదిలో కేరళకు చెందిన ఎనిమిదిమంది పర్యాటకులు ఉదయానికి స్పృహ లేకుండా కనిపించారు. వారిలో నలుగురు పిల్లలు. చలికి తాళలేక గదిలో గ్యాసు హీటరు పెట్టుకుని, తలుపులు, కిటికీలు మూసుకున్నారు. హెలికాప్టరులో ఖాట్మండుకు తరలించినా ఎవరూ దక్కలేదు. వెచ్చని ప్రాంతాలవారు చలి ఊళ్లకు పోయినప్పుడు ఇలాంటి పొరపాటు జరిగే వీలు ఎక్కువ. హార్సిలీ కొండలకో, ఊటీకో విహారయాత్రకు వెళ్లే మనకూ ఇది వర్తిస్తుంది.

అనుమానం వస్తే ఏం చేయాలి?

వెంటనే తలుపులు, కిటికీలు తెరవండి. అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. మగతగా ఉన్నవారిని "నిద్రపోనీ" అని వదలకండి. పెద్దలను కేకవేసి పిలవండి. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి అందరినీ మోసుకువస్తామనుకుని మీరు కూడా పడిపోకండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, కాఫీ పోయకండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డాక్టరుకు మూడు మాటలు తప్పక చెప్పండి: గదిలో ఏం మండింది, ఎంతసేపు మండింది, ఇంకా ఎవరెవరికి బాధ ఉంది.

మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి సుమారు 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలోనే సగానికి తగ్గుతుంది. మొండి ప్రయాణికుణ్ణి దించాలంటే బస్సు చుట్టూ ఆక్సిజన్ గుంపును పెంచాలన్నమాట. తల తేలికపడినా డాక్టరుకు చూపించడం మానకూడదు. కొందరిలో జ్ఞాపకశక్తి తగ్గడం వంటి బాధలు రోజులో, వారాలో గడిచాక బయటపడతాయి.

గదిలో గిన్నెతో నీళ్లు పెడితే విషం లాగేస్తుందని కొందరంటారు. ఈ వాయువు నీటిలో దాదాపు కరగదు. ముక్కుకు తడిగుడ్డ కట్టినా, కోవిడ్ మాస్కు కట్టినా ఆగదు. దానికి విరుగుడు ఒక్కటే: నిప్పు బయట, గాలి లోపల. గ్యాసు గీజరును స్నానాల గది బయట, గాలి ఆడేచోట బిగించాలి. జనరేటరు ఇంటి లోపల ఉండరాదు. ఈ వాయువును పసిగట్టి మోగే అలారాలు కూడా దొరుకుతున్నాయి.

ఆరోగ్యవరం చెప్పే పాఠం

"మరి జలుబు చేసినవారికి గాలి తగలవచ్చా?" అని అడుగుతారేమో. మన మదనపల్లె దగ్గరే దీనికి జవాబుంది. అక్కడి ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం 1912లో ఒక శానటోరియం స్థాపించారు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనేదాకా క్షయకు గట్టి మందు లేదు. శానటోరియాల్లో రోగులకు ఇచ్చిన చికిత్సలో ముఖ్యమైనవి మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం. ఊపిరితిత్తుల రోగికి గాలి శత్రువు కాదని ఆనాడే తెలుసు.

జలుబు చల్లగాలి వల్ల పుట్టదు, వైరస్ వల్ల వస్తుంది. మూసిన గదిలో రోగి దగ్గిన తుంపర్లు అక్కడే తేలుతూ పక్కవారికి అంటుకుంటాయి. కిటికీ తెరిస్తే అవి పలచబడతాయి. మోనాక్సైడ్ ఉన్నా బయటికి పోతుంది. ఒక్క కిటికీ ఇద్దరు శత్రువుల మీదా పనిచేస్తుంది. చలివేస్తే రోగికి ఇంకో దుప్పటి కప్పండి, స్వెట్టరు తొడగండి. కిటికీ మాత్రం కాస్త తెరిచే ఉంచండి.

చింతగింజల ఆట

కాగితం మీద 5 బస్సులు గీసి, ఒక్కొక్కదానిలో 4 గళ్లు పెట్టండి. చింతగింజలు ఆక్సిజన్, గులకరాళ్లు మోనాక్సైడ్. గళ్లన్నీ చింతగింజలతో నింపండి. ఒక్కొక్క ప్రయాణం తరువాత చింతగింజలన్నీ తీసేసి, 2 రాళ్లు పెట్టి, మిగిలిన గళ్లను మళ్లీ చింతగింజలతో నింపండి. రాళ్లను మాత్రం ఎప్పుడూ తీయకూడదు. ప్రయాణానికి ఎన్ని చింతగింజలు కొండ చేరాయో పట్టిక వేయండి. నిజమైన వాయువుతో ఏ ప్రయోగమూ చేయకూడదు, ఎవరూ చేయనివ్వకూడదు.

ఆలోచించండి

1. ఆటలో ఎన్నో ప్రయాణం తరువాత సగం సీట్లు పోయాయి?

2. పొగ లేని నిప్పు పొగ ఉన్న నిప్పుకన్నా ఎందుకు ఎక్కువ మోసం చేస్తుంది?

3. ఊహాత్మక సమస్యలో అవ్వకు ఆక్సీమీటరు పెడితే 97 చూపించిందనుకోండి. పక్కింటివారు "భయం లేదు" అన్నారు. మీరేం చెబుతారు?

4. మీ ఇంట్లో ఏయే చోట్ల ఏమేమి మండుతాయి? ఒక్కొక్క చోట గాలి ఏ దారిన వస్తుంది, ఏ దారిన పోతుంది? పటం గీసి ఇంట్లో పెద్దలకు చూపించండి.